తిరగేసి రాసే అలవాటు ఎక్కడిది?

1982లో బ్రిటన్‌లో అమ్మకానికొచ్చిన జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే బుల్లి కంప్యూటర్‌ను ఆన్ చేయగానే, అందులోని జడ్80 ప్రాసెసర్ రోమ్‌ను (చెరిగిపోని మెమరీని) మొదటి బైటు నుంచి చదువుతుంది. ఆరో బైటు దగ్గర ఒక ఆదేశం: సీ3, సీబీ, 11 (ఇవి పదహారు అంకెల లెక్కలోని సంఖ్యలు, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే అంకెలు). సీ3 అంటే ‘ఫలానా చోటికి వెళ్లు’ అని. వెళ్లాల్సిన చోటు 11సీబీ. రాసింది మాత్రం తిరగేసి. 1982ని ముందు 82, తర్వాత 19 అని రాసినట్టు.

ఇది జడ్80కి సొంతంగా అబ్బిన గుణం కాదు. 1976లో దాన్ని తెచ్చిన ఫెడెరికో ఫాజిన్ అంతకుముందు ఇంటెల్‌లో 8080 అనే ప్రాసెసర్‌ను తయారుచేసిన మనిషి. 8080 ప్రోగ్రాములు జడ్80 మీద ఉన్నవున్నట్టు నడవాలి, కాబట్టి ఆ రాత కూడా వెంట వచ్చింది. 8080కి అది 1972 నాటి 8008 నుంచి వచ్చింది. 8008 ఆదేశాల పట్టికను గీసిందేమో అసలు ఇంటెలే కాదు! టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో డేటాపాయింట్ 2200 అనే టెర్మినల్ (తెర, కీబోర్డు ఉన్న యంత్రం) చేసిన కంపెనీ.

ఆ టెర్మినల్ అంకెల్ని ఒక్కో బిట్టు చొప్పున కూడేది. మనం పలక మీద కూడిక చేసేటప్పుడు ఒకట్ల స్థానం నుంచే కదా మొదలుపెడతాం. దానికీ అంతే, చిన్న భాగం ముందు అందాలి. 8008కి ఆ ఇబ్బంది లేకపోయినా పద్ధతి మాత్రం మిగిలిపోయింది. టెర్మినల్‌కు పనికొచ్చే పారిటీ ఫ్లాగ్ (బైటులో ఉన్న 1ల సంఖ్య సరిసంఖ్యా, బేసిసంఖ్యా అని చెప్పే గుర్తు) కూడా అలాగే వచ్చి చేరింది. ఇంటెల్ 1978లో తెచ్చిన 8086 మీదుగా ఈ రెండూ నేటి ఇంటెల్, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలోనూ ఉన్నాయి.

అయితే ముక్కు ఒకేలా ఉందని అందరూ చుట్టాలైపోరు. ఆపిల్ 2లో ఉన్న 6502 ప్రాసెసర్ కూడా తిరగేసే రాస్తుంది, కానీ దాని వంశం వేరు. 1975లో దాన్ని చేసిన చక్ పెడిల్ బృందం మోటరోలా నుంచి బయటికొచ్చింది. అక్కడ వాళ్లు పనిచేసిన 6800లో పెద్ద భాగమే ముందు. అంటే పుట్టింటి అలవాటును వీళ్లు కావాలనే వదిలేశారు. ఎందుకంటే, మెమరీలోని చోటును చెప్పే చిరునామాకు ఏదైనా కలపాల్సి వస్తే, రెండో భాగం మెమరీ నుంచి వచ్చేలోపే మొదటి భాగం కూడిక అయిపోతుంది. చాలాసార్లు దాంతో ఒక క్లాక్ సైకిల్ (ప్రాసెసర్ ఒక అడుగు వేసే సమయం) మిగిలేది.