మెక్‌గ్రెగర్: చట్టం నిషేధించిన ఇంటిపేరు

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డ స్కాటిష్ కుటుంబాల వాళ్లు పూర్వీకుల కోసం డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే కొందరికి అంతుపట్టని ఫలితం వస్తుంది. ఇంటిపేరు గ్రాంట్ అనో, ముర్రే అనో, స్టూవర్ట్ అనో ఉంటుంది. తండ్రి వైపు వంశం మాత్రం మెక్‌గ్రెగర్లతో కలుస్తుంది. దీని వెనక ఇంటి గుట్టు ఏదో ఉండాలనేం లేదు. ఒకప్పుడు స్కాట్లాండ్‌లో మెక్‌గ్రెగర్ అని చెప్పుకోవడమే మరణశిక్ష పడే నేరం.

మెక్‌గ్రెగర్ అంటే గ్రెగర్ కొడుకు. తాము ఆల్పిన్ అనే పాత రాజు సంతతి అని వాళ్ల నమ్మకం, కానీ దానికి రుజువు లేదు. రాతపూర్వకంగా గట్టిగా దొరికేది 1390లో చనిపోయిన ఇయాన్ కామ్ నుంచే. వీళ్లది పశ్చిమ కొండల్లోని గ్లెనార్కీ లోయ. అసలు గొడవ కూడా ఆ భూమి దగ్గరే మొదలైంది. తాతల నాటి నుంచి అక్కడ ఉంటున్నది వీళ్లు, రాజుగారి పట్టా మాత్రం పొరుగున బలమైన వంశమైన క్యాంప్‌బెల్‌ల చేతికి వెళ్లింది. సొంత నేల మీదే కౌలుదార్లై, తర్వాత అదీ పోయి, చాలామంది పశువుల దోపిడీకి దిగారు. వాళ్లు అమాయకులని నేను అనను. కానీ కాగితం లేనివాడిని నేల మీంచి తరిమేసి, తర్వాత దొంగ అని ముద్ర వేయడం ఈ కథలో స్పష్టంగా కనిపిస్తుంది.

1603 ఫిబ్రవరిలో గ్లెన్ ఫ్రూయిన్ లోయలో మెక్‌గ్రెగర్లు కహూన్ వంశం వాళ్లను ఊచకోత కోశారు. సుమారు 140 మంది చనిపోయారని చెబుతారు. అప్పుడే ఇంగ్లండ్ సింహాసనం కూడా దక్కిన ఆరో జేమ్స్ రాజు లండన్ బయల్దేరే హడావుడిలో ఉన్నాడు. ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఏప్రిల్ 3న, ఆయన మంత్రిమండలి ఆ ఇంటిపేరునే రద్దు చేసింది. వేరే పేరు పెట్టుకోవాలి, లేదంటే చావే. మాంసం కోసుకోవడానికి మొన లేని కత్తి తప్ప ఇంకే ఆయుధమూ దగ్గర ఉంచుకోకూడదని, నలుగురికి మించి ఒకచోట చేరకూడదని కూడా తర్వాత ఆంక్షలు వచ్చాయి. శిక్ష తప్పు చేసినవాడితో ఆగలేదు, పుట్టబోయే పిల్లలకూ అంటుకుంది.

మెక్‌గ్రెగర్ల వంశ నాయకుడు అలస్టేర్‌ను పట్టించింది క్యాంప్‌బెల్‌ల పెద్ద అయిన ఆర్గైల్ ప్రభువు. ఇంగ్లండ్ చేరుస్తానని మాటిచ్చి లొంగదీసుకున్నాడు. సరిహద్దు దాటించి, మాట నిలబెట్టుకున్నాననిపించుకుని, వెంటనే వెనక్కి తీసుకొచ్చి అప్పగించాడు. 1604 జనవరి 20న ఎడిన్‌బరోలో అలస్టేర్‌ను ఉరి తీశారు. పక్కన వేలాడిన తన మనుషుల కంటే ఒక నిలువు ఎత్తున ఆయన్ను వేలాడదీశారు.

మిగిలినవాళ్లు బతకడానికి ఏ పేరు అండ ఇస్తే ఆ పేరు పెట్టుకున్నారు. డ్రమండ్, గ్రెగరీ, గ్రీగ్, బ్లాక్ ఇలా. ఆఖరికి శత్రువులైన క్యాంప్‌బెల్‌ల పేరు కూడా. 1640ల నాటి అంతర్యుద్ధంలో రాజు పక్షాన పోరాడినందుకు 1661లో రెండో చార్లెస్ నిషేధం ఎత్తేశాడు. 1693లో విలియం రాజు కాలంలో మళ్లీ పెట్టారు. అందుకే 1671లో పుట్టిన, తర్వాత జానపద వీరుడిగా పేరు పడ్డ రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ తల్లి ఇంటిపేరైన క్యాంప్‌బెల్‌తో చలామణి అయ్యాడు. బల్‌విడర్‌లోని ఆయన సమాధి మీద ఇప్పుడు కనిపించే మాట: 'వాళ్లు కాదన్నా మెక్‌గ్రెగరే'.

నిషేధం పూర్తిగా పోయింది 1774లో. ఆ తర్వాత 826 మంది సంతకాలు చేసి తమ నాయకుడిని ఎన్నుకున్నారు. ఆయన పేరు జాన్ ముర్రే. ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాల్‌లో పనిచేసి వచ్చినవాడు. ఆయన కుటుంబం మెక్‌గ్రెగర్ పేరును అధికారికంగా తిరిగి చేర్చుకున్నది 1822లో. అదే ఏడాది ఆ వంశం వాళ్ల సంఘం, క్లాన్ గ్రెగర్ సొసైటీ, మొదలైంది.

పేరు మార్చుకున్న ఇళ్లన్నీ వెనక్కి రాలేదు. ఐదారు తరాలు గడిచాక చాలామందికి పాత పేరు గుర్తే లేదు. కొన్ని కుటుంబాలు అప్పటికే సముద్రాలు దాటిపోయాయి. ఆ వారసులు ఇప్పుడు డీఎన్ఏ ఫలితాలను పాత చర్చి రిజిస్టర్లతో పోల్చి, తమ తాతలు ఏ ఊళ్లో ఎప్పుడు పేరు మార్చుకున్నారో వెతుక్కుంటున్నారు.