నెమ్మదిగా వదిలే ఊపిరి

ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నవాళ్లకి, వైవా కోసం వరండాలో నిలబడ్డవాళ్లకి, మొదటిసారి మైకు పట్టుకోబోతున్నవాళ్లకి పక్కవాళ్లు చెప్పే మాట ఒకటే: "టెన్షన్ పడకు, గట్టిగా ఊపిరి పీల్చుకో." ప్రేమతో చెప్పే మాటే, కానీ అందులో సగమే పనికొస్తుంది. పీల్చడం మీద పెట్టే ధ్యాస వదలడం మీద పెడితే ఒంట్లో జరిగేది వేరు. అదేమిటో మీ నాడి పట్టుకుని మీరే చూసుకోవచ్చు.

ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు, కుడిచేతి వేళ్లు రెండు మూడు ఆనించండి. నాడి దొరికాక ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. నాలుగైదు సార్లు చేసేసరికి తేడా వేళ్లకి తగులుతుంది. పీల్చేటప్పుడు నాడి దగ్గర దగ్గరగా కొట్టుకుంటుంది. వదిలేటప్పుడు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతుంది. కుర్రవాళ్లలో ఇది బాగా తెలుస్తుంది, వయసు పైబడేకొద్దీ తగ్గుతుంది. గుండెలో ఏదో లోపం ఉందని కంగారు పడక్కర్లేదు, ఆరోగ్యమైన గుండె తీరే అంత. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ 1847లోనే ఈ హెచ్చుతగ్గులను నమోదు చేశాడు.

దీని వెనక ఉన్నది వేగస్ నరం. మెదడు అడుగుభాగంలో మొదలై, మెడ గుండా దిగి, గుండెకీ ఊపిరితిత్తులకీ జీర్ణాశయానికీ కొమ్మలు పంపుతుంది. ఏ నరమూ అదుపు చేయకపోతే యువకుల గుండె నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. తీరిగ్గా కూర్చున్నప్పుడు అది 70 దగ్గర నడుస్తోందంటే వేగస్ నరం బ్రేకు మీద కాలు పెట్టే ఉంచిందన్నమాట. గాలి పీల్చేటప్పుడు మెదడులోని శ్వాస కేంద్రం ఈ నరం సంకేతాలను కాసేపు అణచిపెడుతుంది, బ్రేకు వదులవుతుంది. వదిలేటప్పుడు మళ్లీ పడుతుంది. వదలడం ఎంతసేపు సాగితే గుండె అంతసేపు నెమ్మదిగా ఉంటుంది.

ఆ నరం గుండెకి కబురు ఎలా చేరవేస్తుందో తెలుసుకున్న తీరు నాకు ఎప్పుడు చదివినా కొత్తగానే ఉంటుంది. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్పల గుండెలను ఉప్పునీటి ద్రావణంలో కొట్టుకునేలా ఉంచాడు. మొదటి గుండెకున్న వేగస్ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి, ఏ నరమూ తగలని రెండో గుండెకి పట్టించాడు. అదీ నెమ్మదించింది! నరం కొసలోంచి ఏదో రసాయనం విడుదలవుతోందని ఆ ప్రయోగంతో తేలింది. 1921లో వెలువడిన ఈ ఫలితం నాడీశాస్త్రాన్నే మలుపు తిప్పింది. ఆ రసాయనం అసిటైల్‌కొలీన్. 1936లో లోవీకి, బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ డేల్‌కి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. మీరు ఊపిరి వదిలిన ప్రతిసారీ మీ గుండె మీద ఆ రసాయనమే పనిచేస్తోంది.

ఇక "గట్టిగా పీల్చుకో" అన్న సలహా సంగతి. టెన్షన్‌లో ఉన్నవాళ్లు అప్పటికే ఛాతీ పైభాగంతో గబగబా ఊపిరి తీస్తూ ఉంటారు. దాని మీద పెద్ద పెద్దగా నాలుగు ఊపిర్లు వేగంగా పీల్చి వదిలితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఇంకా పడిపోతుంది. అది తగ్గితే మెదడులోని రక్తనాళాలు సన్నబడతాయి. తల తేలిపోతుంది, పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి ఎక్కుతుంది, గాలి చాలడం లేదనిపిస్తుంది. దాంతో ఇంకా గట్టిగా పీలుస్తారు. గట్టిగా పీలిస్తే ఆక్సిజన్ ఎక్కువ అందుతుందని చాలామంది రాస్తుంటారు. ఆరోగ్యవంతుల రక్తంలో అది మామూలుగానే నిండుకి దగ్గరగా ఉంటుంది, కొత్తగా ఎక్కించడానికి అక్కడ పెద్దగా చోటు లేదు. ప్రశాంతత వచ్చేది ఆ దారిన కాదు.

పతంజలి యోగసూత్రాల్లో, సమాధిపాదమనే మొదటి అధ్యాయంలో, "ప్రచ్ఛర్దన విధారణాభ్యాం వా ప్రాణస్య" అని ఒక సూత్రం ఉంది. మనసు తేటపడటానికి ఊపిరిని బయటికి వదలడం, నిలపడం కూడా ఒక మార్గమని దాని భావం. వదలడం ముందు చెప్పారు. వేగస్ నరం సంగతి తెలియని కాలంలో కేవలం గమనించి ఇంత దూరం వచ్చారంటే ఆ ఓపికకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అలాగని పాత గ్రంథాల్లో అంతా ముందే ఉందని నేను అనను. పరీక్షించి చూడాల్సిందే. ఆ పనికి మన దేశంలో తొలి అడుగులు వేసినవాళ్లలో స్వామి కువలయానంద ఒకరు. 1924లో మహారాష్ట్రలోని లోనావ్లాలో కైవల్యధామ అనే యోగ సంస్థ స్థాపించి, యోగసాధకుల ఒంట్లో ఏం జరుగుతోందో పరికరాలతో కొలిపించారు.

కొలిచినవాటిలో నాకు బాగా నచ్చింది ఇటలీ వైద్యుడు లూచానో బెర్నార్డి బృందం 2001లో ప్రచురించిన అధ్యయనం. 23 మంది చేత ఒకసారి లాటిన్‌లో క్రైస్తవుల జపమాల ప్రార్థన, మరోసారి "ఓం మణి పద్మే హూం" మంత్రం చెప్పించారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి సుమారు 6 సార్లకి దిగింది. మామూలుగా పెద్దవాళ్లలో అది 12 నుంచి 20 దాకా ఉంటుంది. ఈ 6 అంకెకి కారణం ఉంది. మన రక్తపోటు దాదాపు 10 సెకన్లకోసారి కొద్దిగా లేచి పడుతూ ఉంటుంది. మెడలోనూ గుండె దగ్గరా ఉన్న పెద్ద ధమనుల గోడల్లోని నరాల కొసలు ఆ ఒత్తిడిని కనిపెట్టి గుండె వేగాన్ని సర్దుతుంటాయి. ఊపిరి కూడా 10 సెకన్లకి ఒకటిగా సాగితే రెండు లయలూ కలిసి, సర్దుబాటు చురుగ్గా జరుగుతుంది. సహస్రనామం రాగయుక్తంగా పారాయణ చేసేవాళ్లు, పౌరాణిక నాటకాల్లో పద్యం చివర రాగం తీసే నటులు చిటికెలో పీల్చి, వదలడాన్ని సాగదీస్తారు. గొంతు పలికేది వదిలే గాలి మీదే కాబట్టి అది వాళ్లకి పనిలో భాగంగానే వచ్చేస్తుంది.

2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు వందకి పైగా మందిని నాలుగు గుంపులు చేసి, రోజుకి 5 నిమిషాల చొప్పున నెలపాటు సాధన చేయించారు. మూడు గుంపులకి మూడు రకాల ఊపిరి పద్ధతులు, నాలుగో గుంపుకి ధ్యానం. ఆందోళన అన్నిటిలోనూ తగ్గింది. మనసు ఉల్లాసంగా ఉండటంలో మాత్రం పొడుగాటి నిట్టూర్పులు సాధన చేసిన గుంపు ముందుంది. ముక్కుతో ఒకసారి పీల్చి, దాని మీదే ఇంకొంచెం పీల్చి, నోటితో నెమ్మదిగా పూర్తిగా వదిలేయడం వాళ్ల పద్ధతి. చిన్న అధ్యయనం, నెల రోజులదే. దాన్ని పట్టుకుని సర్వరోగ నివారిణి అనడం తప్పు.

ఇంట్లో చేసుకోవడానికి ఇంత చాలు. వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా కూర్చోండి. ఒక చెయ్యి పొట్ట మీద ఉంచండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు మెత్తగా పీల్చండి, పొట్ట కాస్త ముందుకి రావాలి. ముక్కుతోనే 6 అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఆయాసం వస్తే 3, 4 లెక్కతో మొదలుపెట్టండి. బిగపట్టడం వద్దు. అంకెకి సెకను చొప్పున 4, 6 లెక్కైతే 5 నిమిషాలకి 30 ఊపిర్లు. టెన్షన్ లేని వేళ చేయడం ముఖ్యం. పరీక్షరోజు పొద్దున్న మొదటిసారి ప్రయత్నిస్తే లెక్కపెట్టడమే ఇంకో టెన్షన్ అవుతుంది.

మరి ధైర్యం? "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో నాలుగు మూలాలు చెప్పాడు. తానే చేసి నెగ్గిన అనుభవం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఎదుటివాళ్ల ప్రోత్సాహం, ఆ క్షణంలో తన ఒంటి స్థితి. మన పిల్లలు దెబ్బ తినేది చాలాసార్లు ఈ నాలుగోదాని దగ్గరే. ఏడాదంతా చదివిన అమ్మాయి, గుండె దడదడలాడుతూ అరచేతులు చెమటపడితే "నాకేమీ రాదు" అనే నిర్ణయానికి వచ్చేస్తుంది. వచ్చిన జవాబుకే నోరు పెగలదు. అది చూస్తే నాకు చాలా బాధేస్తుంది. చదవని పాఠం ఊపిరితో రాదు. చదివిన పాఠానికి అడ్డుపడే దడని మాత్రం అది కొంత దించగలదు. రోజూ సాధన చేసినవాళ్లకి దడ అస్సలు రాదని కాదు, వచ్చినా దించుకోవచ్చని అనుభవంలో తెలిసి ఉంటుంది. అప్పుడు దడంటేనే భయం తగ్గుతుంది. నేను ఆత్మవిశ్వాసం అనేది దీన్నే.

వైవాలో ప్రశ్న విన్నాక ఒక్క ఊపిరి నిండుగా వదిలి, మళ్లీ మామూలుగా పీల్చి జవాబు మొదలుపెట్టండి. అడిగినవాళ్లకి మీరు ఆలోచిస్తున్నట్టే ఉంటుంది. మొదటి మాట కూడా వణక్కుండా వస్తుంది.

కొందరికి ఊపిరిని గమనిస్తేనే గాభరా పెరుగుతుంది, ముఖ్యంగా ఉన్నట్టుండి విపరీతమైన భయం కమ్మేసే పానిక్ దాడులు వచ్చేవాళ్లకి. అలాంటప్పుడు కళ్లు తెరిచి, లెక్క మానేసి, నడుస్తూ మామూలుగా ఊపిరి తీసుకోవడం మేలు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి. ఛాతీలో నొప్పి వస్తే టెన్షన్ అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దిగులు, భయం వారాల తరబడి వదలకపోతే, నిద్ర, తిండి చెడితే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.