ఆర్సీలో ఒక కారు, రోడ్డు మీద ఇంకో కారు: విశాఖ కుర్రాళ్ల మోడిఫికేషన్ల వెనుక బీమా చిక్కు

ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే రోడ్డు మీద సెలవు రోజు సాయంత్రం నిలబడితే చాలు, పెద్ద అలాయ్ వీల్స్, మార్చిన ఎగ్జాస్ట్, కంపెనీ ఇవ్వని లైట్లతో కార్లు కనిపిస్తూనే ఉంటాయి. నడిపేవాళ్లలో చాలామంది కాలేజీ కుర్రాళ్లు, ఈమధ్యే ఉద్యోగంలో చేరినవాళ్లు. బీమా సంగతి అడిగితే "ఫుల్ ఇన్సూరెన్స్ ఉందన్నా" అంటారు. నిజమే, ఉంటుంది. కానీ ఆ పాలసీ షోరూమ్ నుంచి వచ్చిన కారుకు రాసింది. గ్యారేజీ నుంచి బయటికొచ్చిన కారు గురించి బీమా కంపెనీకి ఎవరూ చెప్పలేదు.

ఇది కేవలం కుర్రాళ్ల నిర్లక్ష్యం అని తేల్చేయడం అన్యాయం. మన దేశంలో రవాణా చట్టం ఒక దారిన, బీమా టారిఫ్ (ప్రీమియం రేట్లు, షరతుల పట్టిక) ఇంకో దారిన పెరిగాయి. రెండూ కలిసే చోట ఏమవుతుందో వాహనదారుడికి చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

థర్డ్ పార్టీ బీమా 1939 మోటారు వాహనాల చట్టంతో వచ్చి, 1946 జూలై 1 నుంచి తప్పనిసరైంది. దాని ఉద్దేశం బండిని కాపాడటం కాదు, ఆ బండి కింద పడిన మనిషిని ఆదుకోవడం. 1988 చట్టంలోని 146వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. సొంత కారు దెబ్బతింటే డబ్బులిచ్చే ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం మనకూ కంపెనీకీ మధ్య జరిగే ఒప్పందం. అందులో దాచిన విషయం ఏదైనా బయటపడితే ఒప్పందమే కదులుతుంది.

ఇక బండిని మార్చడం గురించి. పాత చట్టం దృష్టి ప్రధానంగా ఆర్సీ మీద ఉండేది: ఆర్సీలోని వివరాలు తప్పయ్యేలా మార్పు చేస్తే రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకోవాలి. అరకు, పాడేరు ఘాట్లలో జీపులకు అదనపు సీట్లు, పైన క్యారియర్లు బిగించి జనాన్ని ఎక్కించుకున్న రోజులు ఉత్తరాంధ్ర వాళ్లకు గుర్తే. అక్కడ మార్పు సరదా కాదు, బతుకుతెరువు. 2000లో చేసిన సవరణ 52వ సెక్షన్‌ను బిగించింది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదంది. ఆమోదం పొందిన కిట్‌తో ఇంధనం మార్చుకోవడం లాంటి వాటికి మాత్రం దారి ఉంచింది. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా నిలబెట్టింది. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి 182ఏ సెక్షన్ అమల్లోకి వచ్చింది: అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. బుల్ బార్లు వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లో రాష్ట్రాలకు రాసింది.

చట్టం ఇలా బిగుసుకుంటుంటే బీమా కాగితాలు వేరే మాట చెప్పాయి. 2002 జూలై నుంచి అమలైన ఇండియా మోటార్ టారిఫ్‌లో ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జోడించే అదనపు షరతు, ఉంది. కంపెనీతో రాని మ్యూజిక్ సిస్టమ్, లైట్ల లాంటి ఎలక్ట్రికల్ సామాను విలువ విడిగా చెప్పి, ఆ విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం కడితే వాటికీ బీమా వర్తిస్తుంది. ఐఎంటీ 25 సీఎన్‌జీ, ఎల్పీజీ కిట్లకు. 2007లో ఓన్ డ్యామేజ్ ధరల మీద నియంత్రణ తీసేశాక కూడా పాలసీల మీద ఈ నంబర్లే కనిపిస్తూ వచ్చాయి. దీంతో "ప్రీమియం కడితే ఏదైనా బిగించుకోవచ్చు" అన్న నమ్మకం పుట్టింది. పాతిక వేల రూపాయల స్పీకర్ల విషయంలో అది సరైనదే. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) సెట్టింగులు మార్పించినా, సస్పెన్షన్ కోసి కారును కిందికి దించినా ఆ నమ్మకం పనికిరాదు.

కుర్రాళ్లు బీమాను పట్టించుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యమైనది. బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు కారు కొంటే ముందు బీమా ధర చూసే కొంటాడు, వయసును బట్టి అది అంత భారంగా ఉంటుంది. మన టారిఫ్ నడిపే మనిషి వయసును లెక్కలోకి తీసుకోలేదు. కారు సీసీ, వయసు, ధర, ఊరు చూసింది. ఎనిమిది మహానగరాలు జోన్ ఏ, మిగతా దేశమంతా జోన్ బీ. విశాఖ జోన్ బీ కాబట్టి ఆ టారిఫ్‌లో రేటు కాస్త తక్కువే ఉండేది: వెయ్యి సీసీ లోపు కొత్త కారుకు దాని విలువలో 3.039 శాతం. సిరిపురంలో యాభై ఏళ్ల లెక్చరర్‌కూ, ఆయన పందొమ్మిదేళ్ల కొడుకుకూ అదే లెక్క. ఇక ఆ కుర్రాడు బీమా గురించి ఆలోచించడానికి కారణం ఎక్కడుంది? ఇప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాల్లో రెన్యువల్ అయిపోతోంది. యాక్సెసరీల గడి ఖాళీగా వదిలేసినా ఫారం ముందుకెళ్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊరు ఒక పాఠం నేర్చుకుంది. చెట్లు, హోర్డింగులు కార్ల మీద కూలాయి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకు సొంత బండి కోసం పైసా రాదని అప్పుడు చాలామందికి తెలిసింది. మోడిఫైడ్ కారు విషయంలో అలాంటి పాఠం ఊరంతటికీ ఒకేసారి అందదు. ప్రమాదం తర్వాత నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి ఆర్సీ, పాలసీ, ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక్కొక్కరికి విడిగా తెలుస్తుంది. చెప్పని అలాయ్ వీల్స్‌కు డబ్బు రాకపోవడం చిన్న నష్టం. బండి స్వభావమే మారిందనో, ఆ మార్పే ప్రమాదానికి దారితీసిందనో తేలితే మొత్తం క్లెయిమ్ తిరస్కరించే వీలు కంపెనీకి దొరుకుతుంది. అన్ని తిరస్కరణలూ న్యాయమైనవి కావు. వెనక నుంచి లారీ గుద్దితే ముందున్న ఫాగ్ లైట్‌కు సంబంధం ఏమిటి? అలాంటివి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు తీసుకెళ్లొచ్చు. బీమా ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికైతే విశాఖవాళ్ల ఫిర్యాదు హైదరాబాద్ కార్యాలయానికి వెళ్తుంది.

గాయపడిన మూడో మనిషి సంగతి వేరు. అతనికి పరిహారం ఇవ్వకుండా తప్పుకోవడానికి బీమా కంపెనీకి చట్టం కొన్ని కారణాలే ఇచ్చింది. లైసెన్సు లేని డ్రైవర్, రేసింగ్ లాంటివి అందులో ఉన్నాయి. అలాంటప్పుడు కూడా ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు చెప్పే పద్ధతి 2004లో స్వరణ్ సింగ్ కేసు తీర్పు తర్వాత స్థిరపడింది. ఆర్సీ తండ్రి పేరు మీద ఉంటే ఆ వసూలు నోటీసు వచ్చేది తండ్రికే. బీచ్ రోడ్డు మీద రాత్రి పూట పందేలు వేసుకునే పిల్లల ఇళ్లలో ఈ ఒక్క విషయమైనా తెలిసి ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది సెకండ్ హ్యాండ్ కారు కొన్న కుర్రాడు. గాజువాకలోనో మద్దిలపాలెంలోనో మొదటి కారుగా అతను కొన్నది, పాత యజమాని మార్చి వదిలేసిన బండి. అందులో ఏం మారిందో అతనికే తెలియదు. పైగా కారు చేతులు మారితే థర్డ్ పార్టీ రక్షణ కొత్త యజమానికి దానంతట అదే వస్తుంది గానీ ఓన్ డ్యామేజ్ రాదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. కొన్న 14 రోజుల్లోగా పాలసీ తన పేరుకు మార్పించుకోవాలి. ఆ సమయంలోనే కారు ఫొటోలు, బిగించిన సామాను జాబితా కంపెనీకి రాతపూర్వకంగా పంపి, ఆర్సీకి సరిపోని మార్పు ఏదైనా ఉంటే వెనక్కి కంపెనీ ఫిట్టింగ్‌కు తీసుకురావాలి. పాలసీ అమ్మే ఏజెంటు ఆ జాబితా తానే అడిగి రాసుకోవడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పని ఇప్పటికీ ఎవరి విధిలోనూ లేదు.