ఇంట్లో చేసే పిస్టన్-సిలిండర్ ఫిట్టింగ్: అపోహలు, వాస్తవాలు

బెజవాడ ఆటోనగర్‌లో లేత్ పని నాది. కాలేజీ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే కుర్రాళ్ళు బుల్లి ఆవిరి ఇంజన్లు, స్టిర్లింగ్ ఇంజన్లు (బయట వేడి పెడితే లోపలి గాలితో నడిచేవి) పట్టుకుని దిగిపోతారు, "అన్నా పిస్టన్ పట్టేస్తోంది" అని ఒకడు, "గాలంతా లీకైపోతోంది" అని ఇంకొకడు. వాళ్ళ దగ్గర ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: సైజు కరెక్టుగా వస్తే ఫిట్టింగ్ వచ్చేసినట్టే.
వాస్తవం: సైజు తర్వాత, ముందు గుండ్రంగా ఉందా లేదా చూడండి. పల్చటి ట్యూబుని త్రీ జా చక్‌లో (లేత్ మీద మూడు దవడలతో పట్టుకునేది) బిగించి బోర్ కొడితే, అంటే లోపలి రంధ్రం చెక్కితే, చక్‌లో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, విప్పగానే లోహం సర్దుకుని మూడువైపులా వంకర తేలుతుంది, తమాషా ఏంటంటే ఆ వంకర ఎదురెదురుగా కొలిచే ఏ గేజీకీ దొరకదు, ఎటు తిప్పి కొలిచినా ఇంచుమించు ఒకటే రీడింగు! అందుకే ఫినిషింగ్ కట్‌కి ముందు చక్ వదులు చేసి మళ్ళీ మెల్లగా బిగించుకోవాలి. లోపల చెక్కే బోరింగ్ బార్ కూడా వంగుతుంది కాబట్టి చివర్లో కొత్త కట్ ఇవ్వకుండా అదే సెట్టింగులో రెండుమూడుసార్లు నడిపించండి.

అపోహ: పిస్టన్‌కి వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ రాసి సిలిండర్లో ఆడిస్తే రెండూ సెట్టైపోతాయి.
వాస్తవం: దయచేసి ఈ పని చెయ్యకండి. పేస్టులో గరుకు ఎప్పుడూ మెత్తటి లోహంలోనే దిగబడుతుంది, మీ పిస్టన్ అల్యూమినియందైతే ఇక ఇంజన్ తిరిగినన్నాళ్ళూ సిలిండర్‌ని అరగదీస్తూనే ఉంటుంది. ల్యాప్, అంటే పేస్ట్ రాసి అరగదీసే పనిముట్టు, విడిగా చేసుకోవాలి, కాస్ట్ ఐరన్ సిలిండర్ కోసమైతే ఇత్తడి కడ్డీకి చీలిక పెట్టి లోపల టేపర్ స్క్రూతో కొంచెం కొంచెం వెడల్పు చేసుకుంటూ పోవాలి. పిస్టన్‌కి బయట తొడిగే రింగు ల్యాప్ వేరే. సిలిండర్ ముందు పూర్తి చెయ్యండి, పిస్టన్ దానికి తగ్గట్టు తర్వాత. అయిపోయాక కిరోసిన్‌తో, ఆపైన సబ్బునీళ్ళతో కడిగి తెల్లగుడ్డతో తుడవండి, గుడ్డకి బూడిదరంగు అంటినంతసేపూ కడుగుతూనే ఉండాలి.

అపోహ: వెర్నియర్ చాలు.
వాస్తవం: మామూలు వెర్నియర్ చూపించేదే 0.02 మిల్లీమీటర్లు, పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య మనకి కావాల్సిన సందు 0.01 దగ్గర. సందు రెట్టింపైతే లీకు ఎనిమిది రెట్లవుతుంది. నేనైతే వేలిని నమ్ముతా: సిలిండర్ కింద చివర బొటనవేలితో మూసి, ఆయిల్ రాయని పిస్టన్ పైనుంచి వదిలితే నెమ్మదిగా దిగాలి, వేలు తియ్యగానే జారిపడిపోవాలి.

అపోహ: లీకైతే ఆయిల్ పోస్తే సరి.
వాస్తవం: ఆవిరి ఇంజన్‌కి సరే. చిన్న స్టిర్లింగ్‌కి వేస్తే ఆయిల్ జిగటకే ఆగిపోతుంది, దానికి గ్రాఫైట్ పిస్టన్ హాయి.

అపోహ: ఒకే సైజు పిస్టన్లు అటూ ఇటూ మార్చుకోవచ్చు.
వాస్తవం: డీజిల్ పంపు షాపుల్లో అడగండి, ఎలిమెంట్ (పంపు లోపలి బుల్లి పిస్టన్, దాని సిలిండర్) జతగానే అమ్ముతారు, జతగానే మారుస్తారు.

అపోహ: అల్యూమినియం పిస్టన్ తేలిక, అదే బెస్ట్.
వాస్తవం: 20 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ వేడి 60 డిగ్రీలు పెరిగితే సైజు దాదాపు 0.027 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాస్ట్ ఐరన్ సిలిండర్ అందులో సగమే, అంటే మీరు కష్టపడి తెచ్చిన సందు హుష్‌కాకి. రెండూ కాస్ట్ ఐరన్ పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. ఏ లోహమైనా కట్ అయిన వెంటనే వేడి మీద కొలవకండి, మన ఎండాకాలంలో అయితే ఇంకొంచెం ఎక్కువసేపు ఆగండి.