మాంద్యంలో గిరాకీ ఎటు పోతుంది?

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ అమ్మమ్మా క్షేమం.

ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ చేరే తేదీ చెప్పడం లేదని మొన్న ఫోనులో చిన్నది దిగులుపడింది. పక్కనుంచి పెద్దాడు, "ఉద్యోగాలే లేని రోజుల్లో వ్యాపారమేంటి తాతయ్యా, జనం దగ్గర డబ్బులేవి?" అన్నాడు. ఇలాంటివి ఫోనులో చెబితే సగమే చెవికెక్కుతాయి. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

డబ్బు తగ్గుతుంది, కాదనను. కానీ ఆకలి తగ్గదు, ప్రయాణాలు ఆగవు. అలవాటైన పద్ధతిలో జరగక జనం ఇంకో పద్ధతి వెతుక్కుంటారు. వ్యాపారం చేసేవాడు చూడాల్సింది ఆ వెతుకులాటనే.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల సంగతి చెబుతాను. అప్పట్లో కాకినాడ, విశాఖ రేవుల నుంచి మనవాళ్లు కూలికి బర్మాలోని రంగూన్‌కి ఓడలెక్కేవాళ్లు, అక్కడి నుంచి ఇటు బియ్యం వచ్చేది. 1942 మార్చిలో జపాన్ సేనలు రంగూన్‌ని పట్టుకున్నాయి. ఆ బియ్యం ఆగిపోయింది. బియ్యానికి కరువొస్తే ఇడ్లీ హోటలు ఏం కావాలి? బెంగళూరులో 1924లో యజ్ఞనారాయణ మయ్యా, ఆయన సోదరులూ పెట్టిన హోటలు ఒకటుంది. తర్వాత ఎంటీఆర్‌గా, అంటే మావళ్లి టిఫిన్ రూమ్స్‌గా పేరుపడింది అదే. వాళ్లు బియ్యం బదులు రవ్వతో ఇడ్లీ చేసి చూశారు. మన ఇళ్లలో వాడే ఇడ్లీ రవ్వ అనుకునేరు, అది బియ్యందే. ఇది ఉప్మాకి వాడే బొంబాయి రవ్వ, గోధుమది. పెరుగు కలిపి, పోపు పెట్టి, జీడిపప్పు వేసి ఆవిరి మీద ఉడికించారు. రవ్వ ఇడ్లీ అలా తమ వంటింట్లోనే పుట్టిందని ఎంటీఆర్ వాళ్లు చెబుతారు. (మీ అమ్మమ్మ మాత్రం దాన్ని ఇప్పటికీ ఇడ్లీగా ఒప్పుకోదు.)

ఆ ఏళ్లలోనే మధురైలో బస్సులు నడిపే టి.వి. సుందరం అయ్యంగార్‌కి పెట్రోలు కటకట వచ్చింది. అంతా రేషనే. ఆయన కంపెనీ టీవీఎస్ వాళ్లు బొగ్గుతో నడిచే గ్యాస్ ప్లాంట్ తయారుచేశారు. బండికి డ్రమ్ములాంటి పొయ్యి తగిలించి, అందులో బొగ్గుని చాలీచాలని గాలితో కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. అది మండే వాయువు. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి ఇంజనులోకి పంపాలి. పెట్రోలుకున్న ఊపు దానికి రాదు, ఎత్తెక్కాలంటే బండి మూలుగుతుంది, బయల్దేరే ముందు పొయ్యి రాజేసుకుని కాచుకోవాలి. అయినా బండి కదులుతుంది కదా! రబ్బరు పండే మలయా (ఇప్పటి మలేషియా వైపు) కూడా జపాన్ చేతికి పోవడంతో రబ్బరుకీ కొరత వచ్చింది. అరిగిన టైరుకి పైన కొత్త పొర వేసే రీట్రేడింగ్ పని కూడా టీవీఎస్ చేపట్టింది.

ఇప్పుడు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. యుద్ధం అయిపోయి పెట్రోలు మళ్లీ దొరికాక బొగ్గు పొయ్యి ఎవరికి కావాలి? రీట్రేడింగ్ అలా పోలేదు. మంచి రోజుల్లో కూడా లారీ యజమానికి టైరు ఖర్చు భారమే. రవ్వ ఇడ్లీ రుచి మరిగినవాళ్లు బియ్యం వచ్చాకా అడిగి తిన్నారు. 2020లో మన డ్వాక్రా మహిళలు మాస్కులు కుట్టారు గుర్తుందా? ఆ నెలల్లో అది ఎన్నో ఇళ్లని ఆదుకుంది, కానీ దాన్ని నమ్ముకుని అప్పు చేసి పెద్ద యూనిట్ పెడితే మిషన్లు మిగిలేవి. కష్టకాలంతో వచ్చి దాంతోనే పోయే గిరాకీ మీద సంపాదించడం తప్పు కాదు, అక్కడ పెట్టిన డబ్బు త్వరగా తిరిగొచ్చేలా చూసుకోవాలి, అంతే.

మయ్యాల కథ అక్కడితో ఆగలేదు. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. హోటళ్లు ఫలహారాలు చవగ్గా అమ్మాలని సర్కారు ధరలు బిగించింది. ఆ ధరకి వాళ్ల నాణ్యత గిట్టదు. నాణ్యత తగ్గించడానికి మనసొప్పక, పొడులు, మిక్స్‌లు పొట్లాలు కట్టి అమ్మడం వైపు మళ్లారు. హోటల్లో టిఫిన్ తినాలంటే బెంగళూరు వెళ్లాలి, పొట్లమైతే బెజవాడ కొట్లోకీ వస్తుంది! ఆ పొట్లాల కంపెనీని 2007లో నార్వేకి చెందిన ఓర్క్లా కొనుక్కుంది. హోటళ్లు మయ్యాల కుటుంబం దగ్గరే ఉన్నాయి.

ఇవి గెలిచినవాళ్ల కథలు. అవే రోజుల్లో ఏదో ఒకటి పెట్టి మునిగినవాళ్ల పేర్లు మనదాకా రాలేదు. బియ్యం బస్తాలు దాచి బ్లాకులో అమ్మి గడించినవాళ్లూ ఉన్నారు. 1943లో బెంగాల్‌లో లక్షలమంది తిండి లేక చనిపోయారు, ఆ పాపంలో దాచిన సరుకుకీ వాటా ఉంది. దాన్ని వ్యాపారంగా లెక్కపెట్టకండి.

బ్యాంకులో అప్పుల కాగితాలు చూసినవాణ్ని కనక ఇంకో మాట. గడ్డు రోజుల్లో సరుకు అమ్ముడుపోక మునిగేవాళ్ల కంటే అమ్ముడుపోయి మునిగేవాళ్లని చూస్తేనే నాకు ఎక్కువ భయం. అందరి చేతులూ బిగిసినప్పుడు ప్రతివాడూ అరువడుగుతాడు. పుస్తకంలో లాభం కనిపిస్తుంది, గల్లాపెట్టెలో చిల్లర ఉండదు. మొదటి ఏడాది నగదుకే అమ్మండి, లేదా సగం ముందు పుచ్చుకుని పని మొదలుపెట్టండి. ఇలాంటి కాలంలో కలిసొచ్చేవీ ఉన్నాయి. ఖాళీ షాపు యజమాని అడ్వాన్సు తగ్గిస్తాడు. ఉద్యోగం పోయిన పనిమంతుడు మీలాంటి చిన్నవాళ్ల దగ్గర చేయడానికీ ఒప్పుకుంటాడు. అతని అవసరం చూసి జీతం మరీ తెగ్గొయ్యకండి, రోజులు బాగుపడగానే వెళ్లిపోతాడు.

పెద్దాడా, పాత లాప్‌టాప్‌లు కొని బాగుచేసి అమ్ముదామన్న నీ ఆలోచన నాకు నచ్చింది. రోజులు బాగుపడ్డా కాలేజీ పిల్లలకి చవక లాప్‌టాప్ కావాలి కనక అది రీట్రేడింగ్ జాతిదే అనిపిస్తోంది. కానీ అమ్మాక ఆర్నెల్లలో పాడైతే ఎవరు భరిస్తారో నువ్వు చెప్పలేదు. బ్యాటరీ, స్క్రీను, డిస్కు ఒక్కోదానికి నీకు ఎంత పడుతుందో, పదింటిలో రెండు వాపసొస్తే ఏం మిగులుతుందో కాగితం మీద వేసి దసరాకి పట్టుకురా. చిన్నదీ నీతో కూర్చుంటే మేలు, లెక్కల్లో నీకంటే అదే నయం.

ఇట్లు,
మీ తాతయ్య