ముందు ఆనేది అరచేయి

తిరుపతిలో, కరకంబాడి రోడ్డులో ఒక మలుపు దగ్గర లారీ నుంచి రాలిన ఇసుక పలుచగా పరుచుకుని ఉంది. బ్రేక్ మీద వేళ్లు పడిన మరుక్షణం ముందు చక్రం పక్కకు జారింది. వేగం 35 దాటి ఉండదు. హెల్మెట్ పెట్టుకున్నాను కాబట్టి తలకు ఏమీ కాలేదు. రెండు అరచేతులు మాత్రం బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా దోక్కుపోయాయి. నర్సు సెలైన్‌తో కడిగి, చర్మంలో దిగబడిన కంకర రవ్వలను పట్టకారుతో ఒక్కొక్కటే ఏరింది. బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపికగా. పన్నెండు రోజులు అన్నం చెంచాతో తిన్నాను. పప్పులో నెయ్యి వేసి కలుపుకునే వేళ్లే పనిచేయకపోతే భోజనం ఎంత చప్పగా ఉంటుందో అప్పుడు తెలిసింది. చొక్కా బొత్తాలు ఇంకొకరు పెట్టాల్సి రావడం వేరే కథ.

ఆ కట్లు చూసి వెళ్లిన మా మేనల్లుడు నెల తరవాత ఒక ప్రశ్నతో వచ్చాడు. "మామా, రోజూ రేణిగుంట దాకా వెళ్లి రావడమే కదా, హెల్మెట్ చాలదా? జాకెట్టు, గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు ఇవన్నీ లడఖ్ వెళ్లేవాళ్లకు కావాలి గానీ."

చట్టం వాడి పక్షమే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ దగ్గరే ఆగిపోతుంది. 2019 సవరణ తరవాత అది లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. మెడ కింద ఉన్న శరీరాన్ని చట్టం మనకే వదిలేసింది. అందుకని వాడి ప్రశ్నకు జవాబు భౌతికశాస్త్రంలో వెతకాల్సి వచ్చింది.

బండి మీద నుంచి పడటాన్ని మనం ఒకే సంఘటనగా చూస్తాం. అందులో రెండు ఉన్నాయి: కిందికి పడటం, ముందుకు జారడం. కిందికి పడటానికి బండి వేగంతో నిమిత్తం లేదు. నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉన్న తల సుమారు అర సెకనులో రోడ్డును తాకుతుంది. తాకేటప్పుడు కిందివైపు వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. బండి 20లో ఉన్నా, 80లో ఉన్నా, లీలామహల్ సర్కిల్‌లో ఎర్రదీపం దగ్గర నిలబడి ఉన్నా ఈ అంకె మారదు, ఎందుకంటే అది గురుత్వాకర్షణ ఇచ్చిన వేగం. ఆ 20 కిలోమీటర్ల వేగం అయిదు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే తల మీద పడే త్వరణం గురుత్వానికి మూడు వందల రెట్లు. హెల్మెట్ లోపలి థర్మకోల్ పొర పాతిక మిల్లీమీటర్లు నలిగి ఆపితే అది అరవై రెట్లకు దిగుతుంది. హెల్మెట్ రక్షణలో ముఖ్యభాగం ఈ నలగడమే. ఒకసారి నలిగిన థర్మకోల్ మళ్లీ ఉబ్బదు కాబట్టి, గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ పైకి ఎంత నిగనిగలాడినా పని అయిపోయినట్టే. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను జల్లెడ పట్టిన 2008 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను క్రోడీకరించే సంస్థ) సమీక్ష, హెల్మెట్ వల్ల మరణం ముప్పు నూటికి 42 వంతులు, తలగాయం ముప్పు 69 వంతులు తగ్గుతాయని తేల్చింది.

జారడం లెక్క వేరు. తారురోడ్డు మీద మనిషి జారేటప్పుడు అతన్ని ఆపే రాపిడి బలం సుమారుగా అతని బరువులో మూడింట రెండు వంతులు అనుకుందాం. 35 వేగంలో పడితే ఏడు మీటర్లు, సెకనున్నర. 70లో పడితే 29 మీటర్లు, మూడు సెకన్లు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. డెబ్బై కిలోల మనిషి 50 వేగం నుంచి జారి ఆగితే దాదాపు 6,700 జౌళ్ల శక్తి రాపిడిలో ఖర్చవుతుంది. నాలుగైదు టీ చెంచాల నీళ్లను మరిగించే వేడి అది. వినడానికి కొంచెమే. కానీ ఆ శక్తి అంతా రోడ్డుకూ, అరచేయి, మోచేయి, తుంటి, మోకాలు అనే నాలుగు చిన్న మచ్చలకూ మధ్య ఖర్చు కావాలి. అక్కడ చర్మం మందం కొద్ది మిల్లీమీటర్లే.

బట్టల సంగతి ఇక్కడే తేలుతుంది. నూలు చొక్కా తారు తగలగానే చిరిగిపోతుంది. మామూలు జీన్సు గట్టిదని మనకు గొప్ప నమ్మకం. గరుకు రోడ్డు మీద అది కూడా త్వరగానే అరిగి చిరుగుతుంది. పాలియెస్టర్ ప్యాంటు ఇంకా అన్యాయం: 250 డిగ్రీల దగ్గర కరిగి గాయానికే అంటుకుంటుంది. తోలు నిలబడటానికి కారణం దాని పోగులు ఏ ఒక్క దిశలోనూ కాకుండా చిక్కుపడి అల్లుకుని ఉండటం. 1965లో రసాయన శాస్త్రవేత్త స్టెఫనీ క్వాలెక్ కనిపెట్టిన దారి వెంట వచ్చిన కెవ్లార్ అనే కృత్రిమ పోగు అసలు కరగదు. ఏ పైసా లేకుండా తోలు మనకు పుట్టుకతోనే వచ్చింది గానీ, దాన్ని రోడ్డుకు అప్పగించడం నాకు నచ్చదు.

ఇప్పుడు మావాడి "రేణిగుంట దాకానే" అనే మాట. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిల్ ప్రమాదాలను స్వయంగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ఢీకొన్న క్షణంలో మధ్యస్థ వేగం గంటకు సుమారు 35 కిలోమీటర్లని అందులో ఉంది. నేను పడిన వేగమే! ఊళ్లో తిరిగే వేగమే. దీనికి తోడు లెక్కలో ఇంకో చిక్కు. ఒక ప్రయాణంలో పడే అవకాశం పదివేలలో ఒకటి అనుకుందాం. ఊరికే అనుకోవడమే, కొలిచిన అంకె కాదు. ఏ రోజుకు ఆ రోజు అది లెక్కలోకే రాదు. కానీ రోజుకు రెండు ప్రయాణాలు, ఏడాదికి మూడు వందల రోజులు, ఇరవై ఏళ్లు అంటే 12,000 ప్రయాణాలు. వాటిలో కనీసం ఒక్కసారైనా పడే అవకాశం నూటికి 70. తాళంచెవి తీసుకునేటప్పుడు మనం మొదటి లెక్క వేస్తాం. అరచేతులు మాత్రం రెండో లెక్కలో బతుకుతాయి.

అయితే అమ్మేవాళ్లు చెప్పినంతా నమ్మనక్కరలేదు. ఆస్ట్రేలియాలో లిజ్ డి రోమ్ బృందం, ప్రమాదాలకు గురైన 212 మంది రైడర్లను పరిశీలించి 2011లో ప్రచురించిన ఫలితాలు నాకు నిజాయితీగా అనిపించాయి. ప్యాడ్లు అమర్చిన గ్లవ్స్‌తో చేతులు, మణికట్టు గాయాల ముప్పు నూటికి 45 వంతులు తగ్గింది. ప్యాడ్లున్న జాకెట్టుతో పైశరీరం గాయాల ముప్పు 23 వంతులు తగ్గింది. ఎముకలు విరగడంలో మాత్రం ప్యాడ్ల వల్ల తేడా కనబడలేదు. పైగా రైడింగ్ కోసమే కుట్టిన జాకెట్లలో దాదాపు మూడు వంతుల్లో ఒకటి, గ్లవ్స్‌లో నాలుగింట ఒకటి ప్రమాదంలో చిరిగిపోయాయి. అంటే ఈ సామాను చర్మాన్ని కాపాడుతుంది, కీళ్ల దెబ్బలను మెత్తబరుస్తుంది. డివైడరుకో, ఎదురుగా వచ్చే లారీకో దానితో పేచీ పెట్టుకోలేం.

మరి ఎండ? రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో జాకెట్టు గురించి మాట్లాడటమే కొందరికి నవ్వు తెప్పిస్తుంది. నిజానికి నవ్వాల్సిన విషయం కాదు. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి 42లో ఉంటే, బండి మీద మనకు తగిలేది చల్లగాలి కాదు, పొయ్యి మీది గాలి. అప్పుడు శరీరాన్ని చల్లబరిచే దారి ఒక్కటే, చెమట ఆవిరి కావడం. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 2,400 జౌళ్ల వేడిని తీసుకుపోతుంది. దళసరి తోలు జాకెట్టు ఆ దారిని మూసేస్తుంది, తల తిరిగితే చెయ్యి బ్రేక్ మీదకు ఆలస్యంగా వెళుతుంది. కాబట్టి మే నెల మిట్టమధ్యాహ్నం తోలు జాకెట్టు వద్దనడం బద్ధకం కాదు, రక్షణ లెక్కే. జాలీ అల్లికతో, కీళ్ల దగ్గర మాత్రం ప్యాడ్లతో వచ్చే జాకెట్టు మధ్యేమార్గం. గాలి ఆడుతుంది, తోలంత సేపు నిలవదు. గ్లవ్స్‌కు మాత్రం ఈ సాకు పనిచేయదు.

హెల్మెట్ గురించి మా ఊరికే ప్రత్యేకమైన ఒక సంగతి చెప్పాలి. తిరుమలకు బండి మీద వెళ్లి, కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి, గుండుకు గంధం రాసుకుని కిందికి దిగేవాళ్లు ఉంటారు. ఎక్కేటప్పుడు ఒత్తయిన జుట్టు మీద బిగుతుగా కూర్చున్న హెల్మెట్టే దిగేటప్పుడు వదులవుతుంది. తడి గంధం మీద జారుతుంది కూడా. దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో, మలుపు మీద మలుపు. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని పక్కకు తిప్పితే నుదుటి చర్మం కూడా దానితో కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే పడ్డప్పుడు అది తలకంటే ముందు దారి చూసుకుంటుంది. గంధం ఆరనిచ్చి, పలుచటి నూలు టోపీ ఒకటి కింద వేసుకుని, గడ్డం కింది పట్టీ బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

నా లెక్కలో హెల్మెట్ తరవాత వరస ఇది: గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు, ఆ తరవాత జాకెట్టు. పడేటప్పుడు చెయ్యి చాచవద్దని ఎవరూ తమ చేతికి చెప్పుకోలేరు. ఆ ఆదేశం ఆలోచన కంటే ముందే వెళ్లిపోతుంది. అందుకే గ్లవ్స్ కొనేటప్పుడు వేళ్ల మీది ఆర్భాటం కంటే, అరచేయి అడుగున, మణికట్టు పక్కన నున్నటి గట్టి బిళ్ల ఉందా అని చూస్తాను. అది రోడ్డును పట్టుకోకుండా జారనిస్తుంది. అరచేయి ఒకచోట పట్టేసి, శరీరం ముందుకు వెళ్లిపోతే మణికట్టులోని చిన్న ఎముకలు విరగవచ్చు.

మేనల్లుడు ఇదంతా విని గ్లవ్స్ కొన్నాడు. జాకెట్టు దసరాకు చూద్దామన్నాడు. వారం తరవాత మళ్లీ వచ్చి, "మామా, అమ్మ సంగతి మనం మాట్లాడనే లేదు" అన్నాడు. నిజమే. వెనక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో సంచి, ఒక చేత్తో చీర కొంగు పట్టుకుని తిరుచానూరు వెళ్లే మా అక్కను నా లెక్కలేవీ తాకలేదు. తనకూ అరచేతులు రెండే. ఇద్దరం కలిసి మూడు దుకాణాలు తిరిగాం. మగవాళ్ల చేతి సైజులే ఉన్నాయి. నాలుగో దుకాణంవాడు చెన్నై నుంచి తెప్పిస్తానని అక్క చేతి కొలత రాసుకున్నాడు.