దారుహరిద్రలోని రెండో పదార్థం

వేప, తులసి, దానిమ్మ తొక్క, ఉసిరి... ఏ మొక్క సారానికైనా బ్యాక్టీరియాను అడ్డుకునే శక్తి ఉందా అని చూడటానికి ప్రయోగశాలలో సాధారణంగా మొదట చేసే పరీక్ష ఒకటే. పెట్రీ డిష్‌లోని అగార్ అనే జెల్లీ లాంటి పదార్థం మీద బ్యాక్టీరియాను పరిచి, సారంలో తడిపి ఆరబెట్టిన చిన్న కాగితం బిళ్లను దానిపై ఉంచుతారు. 37 డిగ్రీల వేడిలో ఒక రాత్రి గడిచాక చూస్తే డిష్ అంతా బ్యాక్టీరియా మసకగా కమ్ముకుని ఉంటుంది. సారం పనిచేస్తే బిళ్ల చుట్టూ మాత్రం తేటగా ఒక వలయం మిగులుతుంది. పక్కనే వట్టి మిథనాల్‌తో తడిపి ఆరబెట్టిన బిళ్ల కూడా ఉండి తీరాలి. లేకపోతే బ్యాక్టీరియాను ఆపింది ఆకో, ఆకును నానబెట్టిన ద్రావకమో తేలదు.

వలయం వెడల్పును బట్టి సారం బలాన్ని నిర్ణయించేవాళ్లు చాలామంది ఉన్నారు. అది సరికాదు. టానిన్ల (మొక్కల్లో వగరు రుచినిచ్చే పదార్థాలు) వంటి పెద్ద అణువులు అగార్‌లో నెమ్మదిగా పాకుతాయి కాబట్టి, బలమున్నా వలయం చిన్నదిగానే కనిపిస్తుంది. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కనీసం ఎంత గాఢత కావాలో కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మంచి యాంటీబయోటిక్ మిల్లీలీటరుకు ఒకటి రెండు మైక్రోగ్రాములతో చేసే పనికి, మొక్కల సారం తరచు వందల మైక్రోగ్రాములు కావాలి.

మొక్కల సారాలకు చేసే మరో పరీక్ష, యాంటీఆక్సిడెంట్ పరీక్ష, చూడటానికి ఇంకా అందంగా ఉంటుంది. డీపీపీహెచ్ అనే ఫ్రీ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు) కలిసిన ముదురు ఊదారంగు ద్రావణంలో ఉసిరి సారం వేస్తే, అందులోని పదార్థాలు ఆ ఫ్రీ రాడికల్‌ను శాంతింపజేసి రంగును పసుపుకు మారుస్తాయి. కానీ అదంతా గాజు గొట్టంలో జరిగేది. మనం తిన్నదాంట్లో పేగులు పీల్చుకునేది కొంతే, దాన్నీ కాలేయం చాలావరకు మార్చేస్తుంది. ఆహార పదార్థాలకు ఇలాంటి పరీక్షలతో ఇచ్చిన అంకెల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైటు నుంచి తొలగించింది. ఆ అంకెలకూ ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదన్నది ఒక కారణం, కంపెనీలు వాటిని ప్రకటనలకు వాడుకోవడం మరొకటి.

సారాలు ఇంత బలహీనమైతే మొక్కలు బ్యాక్టీరియాను ఎలా తట్టుకుంటున్నాయి? ఈ ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్‌ల బృందం 2000లో ఒక అద్భుతమైన జవాబు కనిపెట్టింది. వాళ్లు పరిశీలించినవి మన ఔషధ మొక్క దారుహరిద్ర ప్రజాతికే చెందిన, అమెరికాలో పెరిగే బెర్బెరిస్ మొక్కలు. వీటి పసుపు రంగుకు కారణమైన బెర్బెరిన్ బ్యాక్టీరియా కణంలోకి చేరి డీఎన్‌ఏకు అంటుకోగలదు. అయితే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పొరలో నార్‌ఏ అనే పంపు ఉంది. లోపలికి వచ్చిన బెర్బెరిన్‌ను వచ్చినట్టే బయటికి నెట్టేస్తుంది. నార్‌ఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్‌కూ దీనివల్ల అదే గతి.

అవే మొక్కల ఆకుల్లో మరో పదార్థం దొరికింది. పేరు 5'-మెథాక్సీహిడ్నోకార్పిన్. ఒంటరిగా అది బ్యాక్టీరియాను ఏమీ చేయదు. కానీ నార్‌ఏ పంపును మూసేస్తుంది. అది తోడుంటే అంతకుముందు పనిచేయని స్వల్ప మోతాదులోనే బెర్బెరిన్ స్టాఫిలోకాకస్‌ను అణచివేసింది. బ్యాక్టీరియాను చంపే పదార్థం కోసమే వెతుకుతూ మిగతావన్నీ పారబోసే పద్ధతిలో ఇలాంటిది ఎప్పటికీ చేతికి చిక్కదు. సారాన్ని విడగొట్టేకొద్దీ దాని బలం తగ్గుతుంటే, ప్రయోగం చెడిందని పక్కన పెట్టకుండా ఆ భాగాలను మళ్లీ కలిపి చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

అయినా పంపును మూసి యాంటీబయోటిక్‌కు బలమిచ్చే మందు ఏదీ ఇంతవరకు ఆసుపత్రుల్లో వాడకానికి రాలేదు. అటువంటి పంపులు మన కణాల్లోనూ ఉన్నాయి, వాటికి హాని జరగకూడదు. పైగా రెండు పదార్థాలూ ఒకే సమయంలో, చాలినంత మోతాదులో, ఇన్ఫెక్షన్ ఉన్న చోటికే చేరాలి.